మూడో తీగ

నేను ఒక ఇనుప పెట్టెను. కంప్యూటరు పక్కన సన్నగా మూలుగుతూ పడి ఉంటుందే, ఆ నల్లటి పెట్టె. జనం నన్ను సీపీయూ అంటారు. బొమ్మ తెర మీద కనిపిస్తుంది కాబట్టి చాలామంది తెరనే కంప్యూటరు అనుకుంటారు. నా వైపు చూసేది పొద్దున మీట నొక్కేటప్పుడు, నేను మొరాయిస్తే నెత్తిన ఒక దెబ్బ వేసేటప్పుడు మాత్రమే. నాకు దాని మీద ఫిర్యాదేమీ లేదు. నన్ను పట్టించుకోకపోవడం వల్ల నాకు జరిగిన నష్టం తక్కువ. నష్టపోయింది వేరేవాళ్ళు.

నేను రెండుసార్లు పుట్టాను. ఎక్కడో దూరాన ఒక ఫ్యాక్టరీలో రేకుగా ఉన్న నన్ను వంచి, రంగు వేసి, ఖాళీ డబ్బాగా అట్టపెట్టెలో పెట్టారు. తర్వాత భీమవరంలో ఒక కొట్లో ఒకతను నా కడుపులో పచ్చటి పలకలు బిగించి, తీగలు కలిపి, వెనకవైపు ఒక కరెంటు పెట్టె అమర్చి ప్రాణం పోశాడు. నాతోపాటు ఒక నల్ల తీగ ఇచ్చాడు. దాని చివర మూడు కాళ్ళ ప్లగ్గు. రెండు కాళ్ళు సన్నవి, మూడోది లావుగా, కాస్త పొడుగ్గా ఉంటుంది. నేను బతకడానికి ఆ రెండు సన్న కాళ్ళు చాలు. మూడోది మనుషులు బతకడానికి. నా లోపల గానీ, నా పక్కన ఉన్నవాటిలో గానీ ఏదన్నా చెడి కరెంటు నా ఒంటి మీదికి వస్తే, దాన్ని నేలలోకి దించేసే దారి అది. ఆ పొడుగు కాలు ఎందుకని నన్ను కొన్నవాళ్ళు అడగలేదు. అమ్మినవాడు చెప్పలేదు.

నన్ను కొన్నది నరసాపురంలోని ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దామె సత్యవేణి, నలభై దాటిన మనిషి. మాట మెల్లన, చూపు చురుకు. చిన్నామె నీరజ, టైపు హయ్యరు పాసైన పిల్ల. ఆమె వేళ్ళు మీటల మీద పరిగెడుతుంటే నాకే ఆయాసం వచ్చేది. వాళ్ళ భర్తలు అన్నదమ్ములు, ఇద్దరూ ఒకే రైసు మిల్లులో పనిచేసేవారు. టైపింగు, జెరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు చేసే చిన్న దుకాణం పెట్టుకుంటామని ఆడవాళ్ళిద్దరూ అడిగినప్పుడు ఇంట్లో చాలా రోజులు చర్చ నడిచిందట. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. దుకాణం బజారులో కాకుండా పేర్రాజు గారింటి ముందు గదిలో ఉండాలి. పేర్రాజు గారు ఆ అన్నదమ్ములకు మేనమామ. ఆయన కళ్ళెదుట ఉంటే ఆడవాళ్ళు భద్రంగా ఉంటారని అందరి నమ్మకం.

ఆ గదిలో ఒకప్పుడు లేసు అల్లే దారపు ఉండలు నిల్వ చేసేవారు. దానికి కరెంటు పెట్టించిన కాలంలో గోడలోంచి రెండు తీగలే లాగారు. ప్లగ్గు బోర్డుకు మూడు కన్నాలు ఉన్నాయి గానీ, పై కన్నం వెనక ఏమీ లేదు. చూడ్డానికి కన్నం, లోపల గోడ.

నన్ను తెచ్చిన రోజున పేర్రాజు గారు దగ్గరుండి అన్నీ సర్దించారు. ఆయన మంచి మనిషి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత మీకు నమ్మబుద్ధి కాకపోవచ్చు. తన పాత భోజనాల బల్ల ఒకటి ఇచ్చారు. అది అన్నం తినడానికి చేసిన బల్ల, టైపు కొట్టడానికి బాగా ఎత్తు. ఆ ఎత్తుకు సరిపోవాలని నీరజ ప్లాస్టిక్ కుర్చీలో దుప్పటి మడిచి వేసుకుని కూర్చుంది. అప్పుడు కాళ్ళు నేలకు అందలేదు. బల్ల కింద అడ్డంగా ఉన్న చెక్క మీద పాదాలు పెట్టుకుంది. బల్ల మీద చోటు కలిసొస్తుందని నన్ను పక్కకు పడుకోబెట్టి నా మీద తెరను ఎక్కించారు. ఇక ఆమె రోజంతా గడ్డం పైకెత్తి చూడాలి. మణికట్లు బల్ల అంచు మీద ఆనేవి. ఆ అంచు పదునుగా ఉండేది.

"తూర్పు ముఖంగా కూర్చో అమ్మాయ్, కలిసొస్తుంది," అన్నారు పేర్రాజు గారు.

తూర్పు ముఖంగా కూర్చుంటే వెనక పడమటి గుమ్మం. మధ్యాహ్నం దాటగానే ఎండ నేరుగా తెర మీద పడేది. నీరజ కళ్ళు చికిలించి, ముందుకు వంగి చదువుకునేది. సాయంత్రానికి మెడ పట్టేసేది.

గదిలో లక్ష్మీదేవి పటం పెట్టారు. పటం ఉన్నచోట చెప్పులేంటని ఆయన అనడంతో, పని చేసేవాళ్ళూ పని మీద వచ్చేవాళ్ళూ అందరూ చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చేవారు. కింద గచ్చు. గోదావరి దగ్గర, సముద్రం కూతవేటు దూరం. ఆ గాలికి గచ్చు ఏడాదిలో ఎక్కువ రోజులు కాస్త చెమర్చే ఉండేది.

నన్ను బిగించడానికి వచ్చిన మెకానిక్కు వెనక తీగ పెడుతూ చేయి విదిలించాడు.

"బాడీకి కొంచెం జిల్లుమంటదండి. ఎర్తింగు లేదు కదండి," అన్నాడు.

"ప్రమాదమా?" అంది సత్యవేణి.

"అబ్బే, ఏం పర్లేదండి. అన్నిచోట్లా ఉండేదే. వీలున్నప్పుడు ఒక ఎర్తు వేయించుకోండి."

వీలున్నప్పుడు. ఆ గదిలో పుట్టిన మాటల్లో నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

సత్యవేణి ఆ రోజే పేర్రాజు గారికి చెప్పింది. ఆయన తల ఊపారు. ఎర్తింగు అంటే పెరట్లో గొయ్యి తీయాలి, అప్పుడు మూఢం నడుస్తోంది, గొయ్యి తీయకూడదు. మూఢం వెళ్ళాక గుర్తు చేసింది. వానలు పడుతున్నాయి, గొయ్యిలో నీళ్ళు ఊరతాయి అన్నారు. వానలు తగ్గాక మళ్ళీ అడిగితే, గొయ్యి తీయాలనుకున్న చోట కనకాంబరాలు విరగబూశాయి, పూజ కోసం ఆయన భార్య పెద్దత్తయ్య గారు వాటిని కదపనివ్వరు అన్నారు. ప్రతిసారీ నవ్వుతూనే చెప్పేవారు. ప్రతిసారీ సత్యవేణి "అలాగేనండి మావయ్యగారూ" అని తల వంచుకుని వచ్చేది. తామే ఒక మనిషిని పిలిచి తవ్వించుకుందామా అని నీరజ ఒకసారి అంది.

"ఆయన పెరట్లో ఆయన్ని కాదని మనం గునపం దింపుతామా? ఇంట్లో ఏమంటారో తెలుసు కదా," అంది సత్యవేణి.

అక్కడితో ఆ మాట ఆగిపోయింది. మనుషులు ఒకరినొకరు గౌరవించుకోవడం అందమైన విషయమే. కాని నా ఒంటి మీది కరెంటుకు వావివరసలు తెలియవు.

జనం నాకు అలవాటు పడిపోయారు. దరఖాస్తు కోసం వచ్చినవాళ్ళు బల్ల మీద చేయి పెట్టబోయి నన్ను తాకి ఉలిక్కిపడేవారు. ఒక చేపలమ్మే ఆమె, "ఓలమ్మ, జుమ్మంటందేంటండి ఇది," అని చీర కొంగుతో చేయి తుడుచుకుంది. కాలేజీ పిల్లలు ఒకరి చేయి ఒకరు పట్టుకుని చివరివాడు నన్ను తాకి నవ్వుకునేవారు. పేర్రాజు గారు కూడా ఒకసారి వేలితో తాకి, "కంప్యూటరన్నాక ఆ మాత్రం కరెంటు ఉండాలి," అన్నారు. అందరూ నవ్వారు. సత్యవేణి నవ్వలేదు. ఆమె నన్ను తుడవాల్సి వస్తే ప్లగ్గు తీసి, కాసేపు ఆగి, అప్పుడు తుడిచేది.

దుకాణం బాగా నడిచింది. నడిచేకొద్దీ నీరజ కుర్చీలోంచి లేవడం తగ్గింది. కోర్టు కాగితాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, పెళ్ళి శుభలేఖలు, అన్నీ ఆమె చేతి మీదుగానే పోయేవి. మొదట ఆమె మెడ రుద్దుకునేది. తర్వాత మణికట్లు విదిలించుకునేది. ఒకరోజు టీ గ్లాసు ఆమె చేతిలోంచి జారి నా పక్కనే పడి పగిలింది.

"చేయి జారిందక్కా," అంది.

జారింది చేయి కాదు, పట్టు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారిపోతున్నాయి. దూదిలో చుట్టినట్టు ఉంటాయని ఆమె తనలో తాను గొణుక్కోవడం నేను విన్నాను. మందుల షాపులో అడిగి బలానికి మాత్రలు తెచ్చుకుని మింగేది. సత్యవేణి చూడకుండా పర్సులో దాచుకునేది. చెబితే ఇంట్లో "చూశావా, అందుకే వద్దన్నాం" అంటారని ఆమె భయం. మొద్దుబారిన వేళ్ళతో కూడా ఆమె వేగం తగ్గలేదు. మీట ఎక్కడుందో చర్మానికి తెలియకపోయినా ఎముకకు గుర్తుంది. ఇంకాస్త గట్టిగా కొట్టేది, అంతే. గట్టిగా కొట్టేకొద్దీ మణికట్టు ఇంకా నలిగేది.

చలికాలం చివర ఒక ఉదయం సత్యవేణి నా మీట నొక్కబోయి ఆగింది. పక్కన నీరజ అరచేయి నా మీద ఆనించి, తెర సరిచేస్తోంది. తీరిగ్గా, గోడ మీద చేయి పెట్టినట్టు.

"నీకు కొట్టట్లేదా?" అంది సత్యవేణి.

నీరజ తన చేతి వైపు చూసుకుంది. "లేదే. ఏం తెలీట్లేదు."

"పోయిందేమో మరి. దానంతట అదే పోయిందేమో." సత్యవేణి ముఖంలో ఎన్నాళ్ళకో ఒక తేలిక కనిపించింది.

పోయింది కరెంటు కాదు. నీరజ చేయి. పాదాలు చెక్క మీద, వేళ్ళు దూదిలో. ఆమె చేతి మీద నేను అప్పుడు కూడా జిల్లుమంటూనే ఉన్నాను. చెప్పడానికి నాకు తెర ఉంది, అక్షరాలు ఉన్నాయి, కాని అవి ఆమె కొట్టినవే చూపిస్తాయి. నా మాట నా ఒంటి మీది ఆ జిల్లు ఒక్కటే. అది వినాల్సిన చేయి చెవిటిదైపోయింది.

ఆ రోజు నుంచి ఆ ఇద్దరి మధ్యా ఒక కొత్త పద్ధతి మొదలైంది. నన్ను ముట్టుకునే ముందు సత్యవేణి "కొట్టదు కదా?" అని అడిగేది. నీరజ ఒక వేలు ఆనించి "లేదక్కా" అనేది. సత్యవేణి అప్పటికీ పూర్తిగా నమ్మేది కాదు, వేలి వెనకవైపుతో ఒకసారి తాకి చూసేది. చలికి గచ్చు పొడిగా ఉన్న రోజుల్లో ఆమెకూ పెద్దగా తెలిసేది కాదు. కొన్నాళ్ళకు ఆ తాకి చూడడం కూడా మానేసింది. ఎర్తింగు గురించి పేర్రాజు గారిని అడగడం కూడా మానేసింది.

వేసవి వచ్చింది. కాలేజీ ప్రవేశాల దరఖాస్తులు మొదలయ్యాయి. గది నిండా పిల్లలు, వాళ్ళ తల్లులు, ఉక్క. పేర్రాజు గారికి జాలేసింది. తన పడకగదిలో వాడి పక్కన పెట్టేసిన ఇనుప కూలరు ఒకటి ఇద్దరు మనుషుల చేత మోయించి తెచ్చి, బల్ల పక్కనే పెట్టించారు.

"ఎండలకి పడిపోతారమ్మా. ఇది పెట్టుకోండి," అన్నారు.

దాని అడుగంతా ఉప్పుగాలికి తుప్పు పట్టింది. నీళ్ళు తోడే చిన్న మోటారు ఎప్పుడూ నీళ్ళలోనే మునిగి ఉంటుంది, దాని తీగ మీది తొడుగు ఎండి చిట్లింది. గోడకున్నది ఒకటే బోర్డు. దానికొక తీగ తగిలించి, ఆ తీగ చివర పొడుగాటి బోర్డు పెట్టి, నన్నూ ప్రింటర్నీ కూలర్నీ ఆ ఒక్కదానికే గుచ్చారు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ పొడుగు బోర్డులో మా అందరి మూడో కాళ్ళూ ఒకే ఇత్తడి పట్టీకి ఆనతాయి. ఆ పట్టీ నేలకు చేరితే మంచిదే. అది ఎక్కడికీ చేరకపోతే, మాలో ఒకరి ఒంట్లోకి వచ్చిన కీడు పట్టీ గుండా అందరి ఒంట్లోకీ పాకుతుంది. కూలరు పక్కన చేరిన రోజున నాకు దాని తడి వాసన తెలిసింది. దాని మోటారు ఏదో ఒక రోజు చెడుతుందని తెలిసింది. ఎప్పుడో తెలియలేదు.

అది జరిగిన రోజు ఉదయం నీరజ వచ్చి, కాళ్ళు చెక్క మీద పెట్టుకుని, నా మీట నొక్కింది. కూలరు వేసింది. గదిలో తడి గాలి తిరిగింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. మధ్యాహ్నానికి లోపల ఆ చిట్లిన తీగ కూలరు ఒంటికి తగులుకుంది. ఇక నా ఒంటి మీద ఉన్నది జిల్లు కాదు. గోడలో ఉన్న మొత్తం. నేను చూస్తే ఎప్పటిలాగే ఉన్నాను. తెర మీద ఎవరిదో దరఖాస్తు, తండ్రి పేరు దగ్గర గీత మినుకుమినుకుమంటోంది.

కూలర్లో నీళ్ళు అయిపోవడంతో సత్యవేణి ప్లాస్టిక్ బకెట్టుతో తెచ్చి పోసింది. కొన్ని నీళ్ళు గచ్చు మీద ఒలికాయి. వాటిని తుడుద్దామని గుడ్డ కోసం వెళ్ళబోతుండగా, "అక్కా, ప్రింటు రావట్లేదు. వెనక వైరు వదులైనట్టుంది, కాస్త నొక్కవా," అంది నీరజ. ఎదురుగా ఇద్దరు పిల్లలు, ఒక తల్లి ఎదురుచూస్తున్నారు.

సత్యవేణి తడి నేల మీద, ఉత్త పాదాలతో నా వెనక్కి వచ్చింది. చేయి చాపి, అలవాటుగా అడిగింది.

"కొట్టదు కదా?"

"కొట్టదక్కా, పొద్దున ముట్టుకున్నానుగా."

ఆమె అరచేయి నా వెనక రేకు మీద పడింది. పడగానే వేళ్ళు ముడుచుకున్నాయి. ఆమె ముడవలేదు, నాలోంచి పోతున్నది ముడిచింది. ఆమె అరవలేదు. అరవడానికి గుండెలో గాలి కదలాలి కదా. దవడ బిగిసింది. కళ్ళు నా మీదే ఉన్నాయి. ఇన్నాళ్ళలో ఎవరూ నన్ను అంతసేపు చూడలేదు.

నీరజ తెర వైపే చూస్తూ, "వచ్చిందా అక్కా?" అంది. జవాబు రాలేదు. తల తిప్పింది. వైరు బిగిస్తోందనుకుంది మొదట. తర్వాత సత్యవేణి పెదవులు చూసింది.

కుర్చీ దిగి చేయి చాచి అక్క భుజం పట్టుకుంది. వేళ్ళకు తెలియనిది మోచేతికి తెలిసింది. ఆమె విసిరేసినట్టు వెళ్ళి గోడకు తగిలింది. అప్పుడామెకు అర్థమైంది. గోడ బోర్డు దగ్గరకు పాకింది. ఆ పొడుగు బోర్డు తీగ గుచ్చిన ప్లగ్గు పట్టుకుని లాగింది. వేళ్ళు జారాయి. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారాయి. వందల కాగితాలు కొట్టిన ఆ చేతికి ఒక ప్లగ్గు పట్టు దొరకలేదు. ఎదురుగా కూర్చున్న తల్లి లేచి నిలబడింది గానీ ఏం చేయాలో తెలియక పిల్లల్ని వెనక్కి లాక్కుంది. నీరజ తన చేతిని ఒక్క క్షణం చూసుకుంది. తర్వాత తీగను మోచేతికి రెండు చుట్లు చుట్టుకుని, గోడకు కాలు తన్ని, ఒళ్ళంతా వెనక్కి పడేసింది.

ప్లగ్గు ఊడింది. గదిలో అన్నీ ఆగిపోయాయి. కూలరు రెక్కలు కాసేపు తిరిగి తిరిగి నిలిచాయి. నా మీది చేయి విడిచింది. సత్యవేణి తడి గచ్చు మీద ఒరిగింది.

ఆ తల్లే బయటికి పరిగెత్తి ఆటో ఆపింది. నీరజ అక్క గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కుతూ, పేరు పెట్టి పిలవని మనిషిని పేరు పెట్టి పిలుస్తూ ఉంది. ఎత్తుకుపోయేటప్పుడు సత్యవేణి దగ్గింది. అది నేను విన్నాను. తర్వాత గదికి తాళం పడింది.

చాలా రోజులు ఆ గదిలో నేనూ కూలరూ మాత్రమే ఉన్నాం. కూలరు అడుగున నీళ్ళు నిల్వ ఉండి దోమలు చేరాయి. గోడవతల పేర్రాజు గారు వచ్చినవాళ్ళందరికీ ఒకే మాట చెబుతుండేవారు. "పాపం, గ్రహపాటు."

తాళం తీసింది సత్యవేణే. కుడి అరచేతికి కట్టు ఉంది. చివరి రెండు వేళ్ళు వంగడం లేదు. నీరజ వెనకే ఉంది. సామాను తీసుకుపోవడానికి వచ్చారు. నీరజ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నా చేతికి తెలీదక్కా," అంది. "నెలల నుంచీ. కరెంటు పోలేదు. నాకే తెలీట్లేదు. నీకు చెప్పలేదు."

సత్యవేణి దగ్గరికి వచ్చింది. ఎడమచేత్తో నీరజ కుడిచేయి అందుకుని, బొటనవేలు గిల్లింది.

"ఇది తెలుస్తుందా?"

"లేదు."

"ఇదీ?"

"లేదక్కా."

చిటికెన వేలు దాకా ఒక్కొక్కటే గిల్లి చూసింది. చివరి వేలికి నీరజ "అబ్బా" అంది. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు. సత్యవేణి అడిగింది ఒక్కటే. "ఇంత నొప్పి పెట్టుకుని నా పక్కనే కూర్చున్నావా?"

పేర్రాజు గారు లోపలికి వచ్చారు. కాస్త చిక్కారు. కట్టు వైపు చూడలేక గోడ వైపు చూస్తూ అన్నారు, "ఒక్క మాట గట్టిగా చెప్పుంటే చేయించేవాణ్ణి కదమ్మా."

"గట్టిగానే చెప్పాల్సింది మావయ్యగారూ," అంది సత్యవేణి. "మెల్లగా చెప్పాం. చాలాసార్లు."

ఆయన కండువా సర్దుకున్నారు. "ఉన్నపళంగా గది ఖాళీ చేస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

"జరిగిందే అనుకుంటారు."

ఆమె గొంతు పెరగలేదు. ఆమె ఆయన మాటకు అడ్డు చెప్పడం నేను వినడం అదే మొదలు.

కొత్త గది బస్టాండు వెనక వీధిలో దొరికింది. నన్ను లోపలికి తేలేదు. నేను, తెర, ప్రింటరు చాలా రోజులు అట్టపెట్టెల్లోనే ఉండిపోయాం. ముందు గొయ్యి తవ్వారు. బొగ్గు, ఉప్పు వేసి అందులో గొట్టం దించి, దాన్నుంచి పచ్చ తీగను ప్రతి బోర్డుకూ లాగారు. ఎలక్ట్రీషియను అంతా అయిపోయిందన్నాడు. సత్యవేణి ఒప్పుకోలేదు. కరెంటు వచ్చే కన్నానికీ ఆ మూడో కన్నానికీ మధ్య బల్బు పెట్టి వెలిగించి చూపించమంది. వెలిగింది. పక్క బోర్డు కూడా చూపించమంది. అతను విసుక్కున్నా, అన్నీ చూపించేదాకా ఆమె గుమ్మంలోంచి కదల్లేదు. ఏ కొంచెం కరెంటు దారి తప్పినా దానంతటదే పడిపోయే మీట ఒకటి మెయిను దగ్గర పెట్టించింది. నీళ్ళున్న వస్తువేదీ ఆ గదిలోకి రాకూడదంది. కూజా కూడా బయట వసారాలోనే.

తర్వాత నీరజను కూర్చోబెట్టింది. బల్ల కాళ్ళు ఆమె మోచేతుల ఎత్తుకు కోయించింది. వెన్నుకు ఆనే కుర్చీ తెప్పించింది. "పాదాలు కింద పెట్టు. రెండూ. వేలాడేయకు," అని తనే వంగి చూసింది. తెరను మళ్ళీ నా మీద ఎక్కించకుండా, నీరజ చేయి చాపినంత దూరంలో, పై అంచు కంటికి ఎదురుగా వచ్చేలా పెట్టింది. కిటికీ వెలుగు పక్క నుంచి పడేలా బల్లను తిప్పించింది.

"ఇది ఏ దిక్కక్కా?" అంది నీరజ.

"నీ కళ్ళకి బాగుండే దిక్కు," అంది సత్యవేణి.

నన్ను బల్ల కింద, గాలి ఆడేలా నిలబెట్టారు. చెప్పులతో లోపలికి రావచ్చని అందరికీ చెప్పారు. పటం గోడమీదే ఉంది. లక్ష్మీదేవి ఏమీ అనలేదు.

నీరజ మణికట్టుకు ఆపరేషను చేశారు. ఆమె కోలుకునేదాకా సత్యవేణే టైపు చేసింది. ఎడమచేత్తో, కుడిచేతి రెండు వేళ్ళతో అక్షరం అక్షరం వెతుక్కుంటూ. దరఖాస్తుకు వచ్చినవాళ్ళు ఎదురుచూడాల్సి వచ్చేది. కొందరు వేరే దుకాణానికి పోయారు. కొందరు కూర్చున్నారు. పని మధ్యలో ఒళ్ళు పట్టేయకుండా ఆమె టక్కున లేచి నడిచేది, నీరజ చేత కూడా నడిపించేది.

కాని నన్ను ముట్టుకునేది కాదు. నా ఒంటి మీద అప్పుడేమీ లేదు. చంటిపిల్ల తాకినా ఫరవాలేదు. అయినా ఆమె నా మీట నొక్కాలంటే చెక్క స్కేలు కొసతో నొక్కేది. దుమ్ము పడితే నీరజే తుడిచేది. ఒక్కోసారి పని ఆపి, నా మూలుగు వింటూ కూర్చునేది. నేను ఎప్పటిలాగే మూలిగేవాణ్ణి. అదే ఆమెకు భయం. చంపబోయిన రోజున కూడా నేను అలాగే మూలిగాను కదా.

పేర్రాజు గారు ఆ ముందు గదిని పళ్ళరసాల కొట్టుకు అద్దెకిచ్చారని ఒక రోజు తెలిసింది. ఫ్రిజ్జులు, మిక్సీలు, తడి నేల. సత్యవేణి చేస్తున్న పని వదిలేసి లేచి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది.

"గోడలో మూడో తీగ ఇంకా లేదు," అంది. "చేయి చూపించి మరీ చెప్పాను."

"ఏమన్నారక్కా?"

"నవ్వారు. వీలున్నప్పుడు చేయిద్దామన్నారు."

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ తర్వాత కూడా వెళుతూనే ఉంది. ఇప్పుడు మెల్లగా చెప్పడం లేదని నీరజ వచ్చినవాళ్ళతో అంటుంటే విన్నాను. వీధిలో నిలబడి, లోపలున్న వాళ్ళకే కాదు, తాగడానికి వచ్చినవాళ్ళకు కూడా వినిపించేలా చెబుతోందట. పేర్రాజు గారు కిటికీ మూసుకుంటున్నారట. కొట్టువాళ్ళు చేయించారో లేదో నాకు తెలియదు. తెలిసేలోపే నా పని అయిపోయింది.

నేను ముసలివాణ్ణయిపోయాను. మీట నొక్కితే లేవడానికి చాలాసేపు పట్టేది. మధ్యలో కునుకు తీసేవాణ్ణి. కొత్త పెట్టె వచ్చింది. పాత సామాను కొనేవాడు తోపుడుబండి తెచ్చి గుమ్మంలో ఆపాడు. అతను ప్రింటరు ఎత్తుకుపోతుండగా నీరజ నా వెనక తీగలన్నీ ఊడదీసింది.

"ప్లగ్గు తీశావా?" అంది సత్యవేణి.

"తీశానక్కా."

"ఏదీ?"

నీరజ తీగ పైకెత్తి చూపించింది. మూడు కాళ్ళూ గాలిలో ఉన్నాయి. అయినా సత్యవేణి కాసేపు అలాగే నిలబడింది. నీరజకు బరువులెత్తొద్దని డాక్టరు చెప్పాడు. బండివాడు ఇంకా బయటే ఉన్నాడు. అతను వచ్చేదాకా ఆగొచ్చు.

ఆమె ఆగలేదు. వంగింది. ముందు వేలి వెనకవైపుతో నన్ను తాకి, చటుక్కున తీసేసుకుంది. ఊపిరి పీల్చింది. తర్వాత వంగని వేళ్ళున్న ఆ అరచేతిని చాపి నా రేకు మీద ఆనించింది. మచ్చ గరుగ్గా, వెచ్చగా తగిలింది. నేను చల్లగా ఉన్నాను.

ఆమె నన్ను రెండు చేతులా ఎత్తి పొట్టకు ఆనించుకుని, గడప దాటి, బండిలో పెట్టింది. ఎప్పుడు వదలాలనుకుందో అప్పుడు వదిలింది.